మందు అలవాటు ఉందా? ఒక రిమాండ్ ఖైదీ కేసు వివరాలు

చూసిన రోజు

మార్చి నెలాఖరు గురువారం. వారానికోసారి నేను జైలుకు వెళ్ళే రోజు. జైలు ఆసుపత్రి గదిలో నా ముందు పెట్టిన చీటీలో ఎనిమిది పేర్లున్నాయి. ఏడుగురు నడిచి వచ్చారు. ఎనిమిదో పేరు దగ్గర ఫార్మసిస్టు ఆగి, "ఇతను రాడు సార్. మనమే బ్యారక్‌కు వెళ్ళాలి" అన్నాడు.

బ్యారక్ చివర, నీళ్ళ తొట్టి పక్కన నిలబడి ఉన్నాడు. ముప్ఫై నాలుగేళ్ళ మనిషి. గోడ దగ్గరే ఉన్నా గోడకు ఆనుకోలేదు. కుడి చెయ్యి మోచేతి దగ్గర వంగి, ఎవరికో ఏదో అందించబోతున్నట్టు సగం గాలిలో ఉంది. పేరు పెట్టి పిలిస్తే కళ్ళు తిరగలేదు. ఆ చెయ్యి పట్టుకుని భుజం ఎత్తుకు లేపి వదిలాను. లేపిన చోటే ఉండిపోయింది. గడియారం చూసుకుంటూ నిలబడ్డాను. నాలుగు నిమిషాలు దాటినా దిగలేదు. నాలుక ఎండి అట్ట కట్టింది. పొత్తికడుపు మీద చెయ్యి పెడితే మూత్రాశయం బొడ్డు దాకా ఉబ్బి తగిలింది. జైలుకు వచ్చిన రోజు పుస్తకంలో రాసిన బరువు 62 కిలోలు. ఇద్దరు పట్టుకుని కాటా మీద నిలబెడితే 53 చూపించింది.

అతను లోపలికి వచ్చి ఆ రోజుకు 38 రోజులు. అంతకు ముందు వారం, ఆ ముందు వారం కూడా నేను అదే జైలుకు వచ్చాను. నాకూ అతనికీ మధ్య వంద అడుగుల దూరం కూడా లేదు. చీటీలో పేరున్నవారినే చూసి వెళ్ళాను. బ్యారక్‌లు తిరగలేదు. ఆ తప్పు నాది. ఈ కేసు రాయడానికి మొదటి కారణం కూడా అదే.

రాయడానికి అతను ఒప్పుకున్నాడు, తల్లి ఒప్పుకున్నది. గుర్తుపట్టడానికి వీలున్న వివరాలు మార్చాను. జైలు పేరు, అధికారుల పేర్లు రాయడం లేదు. నేను ప్రభుత్వ మానసిక వైద్యుణ్ణి. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పనిచేస్తున్నాను. జైళ్ళలో పనిచేసే వైద్యాధికారులు, ఫార్మసిస్టులు, ఉచిత న్యాయ సహాయం చేసే వకీళ్ళు దీన్ని చదవాలని నా కోరిక.

నటనా, జబ్బా

"నటిస్తున్నాడా సార్?" అని హెడ్ వార్డరు అడిగాడు. జైల్లో మానసిక వైద్యుడికి ఎదురయ్యే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఇదే. అడిగినవారిని నేను తప్పుపట్టను. ఆసుపత్రికి వెళితే మంచి భోజనం, బయటి గాలి, మనవాళ్ళు కనబడే అవకాశం దొరుకుతాయి. వాటి కోసం నటించేవారు ఉంటారు, నేను చూశాను కూడా. అయితే వారి తీరు వేరు. నటించేవాడు అడగకుండానే తన జబ్బు వర్ణిస్తాడు. చెవిలో మాటలు వినబడుతున్నాయని డాక్టరు కుర్చీలో కూర్చోకముందే చెబుతాడు. చూసేవారుంటే జబ్బు పెరుగుతుంది, లేకపోతే తగ్గుతుంది. చెయ్యి గాలిలో నిలిపి ఉంచమంటే కాసేపటికి వణుకుతుంది.

ఇతని విషయంలో నాకు సాక్ష్యం ఇచ్చింది ఒక పెద్దాయన. అరవై దాటినవాడు, భూమి తగాదాలో శిక్ష పడినవాడు, అదే బ్యారక్‌లో ఉంటున్నాడు. "రాత్రి రెండు గంటలకు లేచి చూసినా ఇలాగే ఉంటాడు సార్. దోమలు ముఖం మీద వాలినా తోలుకోడు" అన్నాడు. ఆయనే పది రోజులుగా అన్నం మజ్జిగలో పిసికి ఇతని నోట్లో పెడుతున్నాడట. పెట్టిన ముద్ద నోట్లోనే ఉండిపోతుందనీ, గడ్డం పట్టుకుని నోరు మూస్తేనే మింగుతాడనీ చెప్పాడు. ఆ పది రోజులూ అతని ప్రాణం నిలిపింది ఆ మజ్జిగే. ఈ మాట నేను ఆసుపత్రి రికార్డులోనూ రాశాను.

చలనం ఆగిపోయే ఈ స్థితిని కాటటోనియా అంటాం. మనిషి స్పృహలోనే ఉంటాడు, చుట్టూ జరిగేది చాలావరకు తెలుస్తుంది, కానీ మాటా కదలికా పుట్టవు. భ్రమలు, లేని మాటలు వినబడటం ఉండే స్కిజోఫ్రీనియాలో రావచ్చు, తీవ్రమైన కుంగుబాటులో రావచ్చు, మెదడు వాపు లాంటి శరీర రోగాల్లోనూ రావచ్చు. తిండీ నీళ్ళూ లేక, కదలక, కాళ్ళ సిరల్లో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరి చనిపోయేవారున్నారు. అందుకే ఇది చూడటానికి నెమ్మదిగా కనిపించినా అత్యవసర స్థితి.

దీనికి మందూ పరీక్షా ఒకటే, లోరాజెపామ్. ఆ ఇంజెక్షన్ ఫ్రిజ్‌లో ఉండాలి. జైలు ఫార్మసీలో ఇన్సులిన్ కోసం ఒక చిన్న ఫ్రిజ్ ఉంది, అందులో రెండు యాంప్యూళ్ళు మిగిలి ఉన్నాయి. 2 మిల్లీగ్రాములు కండకు ఇచ్చి పక్కన కూర్చున్నాను. ఇరవై నిమిషాలకు రెప్పలు కొట్టడం మొదలైంది. అరగంటకు చెయ్యి దానంతట అదే ఒళ్ళోకి దిగింది. నలభై నిమిషాలకు నా వైపు చూసి, పొడి గొంతుతో, "సోమవారం వచ్చిందా?" అని అడిగాడు.

గురువారం అని చెప్పాను. అతను ఎందుకు అడిగాడో అప్పుడు అక్కడున్న ఎవరికీ తెలియదు.

ఆసుపత్రిలో

ఎస్కార్ట్ పోలీసులు దొరకడానికి మర్నాడు మధ్యాహ్నం అయింది. ఆ రాత్రి మూత్రానికి గొట్టం వేసి, సెలైన్ పెట్టి, మిగిలిన యాంప్యూల్ కూడా ఇచ్చాం. ఫార్మసిస్టు ఇంటికి వెళ్ళకుండా రాత్రంతా ఉన్నాడు.

ఆసుపత్రిలో పరీక్షల ఫలితాలు ఇవి. సోడియం 151, యూరియా 84, క్రియాటినిన్ 1.6. మూడూ ఒంట్లో నీరు ఎంత ఇంకిపోయిందో చెబుతున్నాయి. తల స్కానింగ్‌లో గాయం లేదు. జ్వరం లేదు, మెడ బిగుసుకోలేదు. ఛాతీ ఎక్స్‌రేలో క్షయ జాడ లేదు. జైలు నుంచి వచ్చే మనిషిలో తలకు దెబ్బ, క్షయ, ఈ రెండింటినీ వెతకకుండా మానసిక జబ్బని తేల్చకూడదు. ఇంకొకటి కూడా వెతికాం. వారం ముందు, వీడియో వాయిదాకు నడవనని మొండికేశాడని భావించి, బయటి నుంచి వచ్చిన ఒక వైద్యుడు భ్రమలను, ఉద్రేకాన్ని అణచడానికి వాడే హాలోపెరిడాల్ ఇంజెక్షన్ ఇచ్చినట్టు పుస్తకంలో ఉంది. కాటటోనియాలో ఆ మందు స్థితిని ఇంకా దిగజార్చవచ్చు. ఒళ్ళు కాలిపోయే జ్వరం, కట్టెలా బిగుసుకున్న కండరాలు, ప్రాణాపాయం దాకా పోవచ్చు. కండరాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే సీపీకే కొంత పెరిగింది కానీ జ్వరమూ బిగుతూ లేవు. ఆ ప్రమాదం తప్పింది.

లోరాజెపామ్ రోజుకు 8 మిల్లీగ్రాముల దాకా పెంచాం. రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇచ్చాం. ఐదో రోజుకు తనంతట తాను లేచి స్నానం చేశాడు. మందుకు లొంగకపోతే మత్తు ఇచ్చి ఈసీటీ, అంటే మెదడుకు కరెంటుతో ఇచ్చే చికిత్స, చేయాలని అనుకున్నాం, అవసరం పడలేదు. ఆ తర్వాతే, మెల్లగా, భ్రమలు తగ్గించే ఓలాంజాపిన్ మొదలుపెట్టాం.

మంచానికి సంకెల వేస్తామని ఎస్కార్ట్ వాళ్ళు మొదట అన్నారు. సంకెళ్ళు వేయడం మామూలు పద్ధతి కాకూడదని సుప్రీంకోర్టు 1980లోనే, ప్రేమ్ శంకర్ శుక్లా కేసులో చెప్పింది. ఆ తీర్పు చెప్పడం కన్నా, కదలని కాలికి సంకెల వేస్తే రక్తం గడ్డకట్టి మీ కాపలాలోనే మనిషి పోతాడని చెప్పడం ఎక్కువ పనిచేసింది. వేయలేదు.

తల్లి చెప్పింది

మూడో రోజు తల్లి వచ్చింది. తుంటి ఎముక విరిగి అతికించుకున్న మనిషి, చేతికర్రతో, బస్సు మారి వచ్చింది. చీర కొంగు ముడి విప్పి ఒక మడత పెట్టిన కార్డు నా ముందు పెట్టింది. ఆసుపత్రి ఇంజెక్షన్ కార్డు. ఎనిమిదేళ్ళుగా నెలకొకసారి, భ్రమలు రాకుండా ఇచ్చే ఫ్లూఫెనాజిన్ సూది 25 మిల్లీగ్రాములు. ప్రతి తేదీ ఎదుటా సంతకం. అన్నీ నెలలో మొదటి సోమవారాలు.

"మా పెద్దబ్బాయి మొదటి సోమవారం ఎప్పుడూ తప్పలేదయ్యా. డిసెంబరులో నేను పడ్డాను. నన్ను చూసుకోవడంలో వాడి సంగతి మరిచిపోయాం" అన్నది.

కొడుకు కందుకూరు వైపు పొగాకు బ్యారన్ల దగ్గర, అంటే పచ్చి ఆకును పొయ్యి వేడితో ఆరబెట్టే కొట్ల దగ్గర, పనిచేసేవాడు. ఆకు కాల్చే రోజుల్లో పొయ్యి ఆరకూడదు, వేడి తగ్గకూడదు. రాత్రంతా ఎవరో ఒకరు మేలుకుని కట్టెలు వేస్తూ ఉండాలి. ఎనిమిదేళ్ళ క్రితం మొదటిసారి జబ్బు బయటపడింది కూడా బ్యారన్ రోజుల్లోనే, వరసగా నిద్ర లేని రాత్రుల తర్వాత. అప్పుడు ఏ.ఎస్.పేట దర్గాకు తీసుకువెళ్ళారు. గొలగమూడి వెంకయ్యస్వామి ఆశ్రమంలో నిద్ర చేయించారు. నెల్లూరు చుట్టుపక్కల మతి చెదిరిన బిడ్డను తీసుకుని తల్లులు నడిచే దారి ఇది. ఆ దారిని చులకన చేసి మాట్లాడే వైద్యులంటే నాకు గిట్టదు. దర్గా దగ్గర పరిచయమైన ఇంకొక తల్లే ఈమెకు సూది మందు గురించి చెప్పి ఆసుపత్రికి పంపింది. ఆ తర్వాత ఎనిమిదేళ్ళు అతను పని చేసుకుని బతికాడు.

ఈసారి జనవరి సూది తప్పింది. ఫిబ్రవరి సూది తప్పింది. రాత్రి కాపలా మళ్ళీ మొదలైంది. పక్కింటి కరెంటు మీటరులోంచి తన ఆలోచనలు బయటకు పోతున్నాయని అనుమానం పట్టుకుంది. ఒకరోజు తెల్లవారుజామున గునపంతో ఆ మీటరు పగలగొట్టాడు. అడ్డం వచ్చిన పక్కింటాయనకు నుదుటి మీద ఆరు కుట్లు పడ్డాయి. ఆయన గాయం నిజం, ఆయన ఇంట్లోవారి భయమూ నిజం. కేసు పెట్టినందుకు ఆయనను నేను ఏమీ అనలేను.

తల్లి ఈ కార్డు పట్టుకుని పోలీసు స్టేషనుకు వెళ్ళింది. కోర్టులో ఇవ్వమన్నారు. కోర్టు దగ్గర ఎవరికి ఇవ్వాలో తెలియలేదు. జైలు గేటు దగ్గర ములాఖత్ రోజు కాదన్నారు. అరెస్టు తర్వాత చట్టం ప్రకారం జరిగే వైద్య పరీక్షలో ఒంటి మీద గాయాలు లేవని రాసి ఉంది. మనసు గురించి ఒక్క వాక్యం లేదు. రిమాండ్ రిపోర్టులోనూ లేదు. కార్డు మాత్రం 38 రోజులూ ఆమె కొంగులోనే ఉంది.

ఒక మాట, రెండు అర్థాలు

కోలుకున్నాక అతణ్ణి అడిగాను, జైలుకు వచ్చిన రోజు నీ జబ్బు సంగతి ఎందుకు చెప్పలేదని. చెప్పానన్నాడు. నేను నమ్మలేదు. జైలుకు వెళ్ళి అతని ఆరోగ్య పత్రం తీయించాను. జైల్లో చేరే ప్రతివారినీ పరీక్షించి నింపవలసిన పత్రం అది.

అందులో ఇలా ఉంది: "మద్యం: అప్పుడప్పుడు."

అతను ఇంతవరకు చుక్క ముట్టలేదు. జరిగింది ఇది. పత్రం నింపుతున్న వ్యక్తి "మందు అలవాటు ఉందా?" అని అడిగాడు. ఇతను "ఉంది సార్, నెలకొకసారి" అన్నాడు.

నేను పాతికేళ్ళుగా తెలుగులో రోగులతో మాట్లాడుతున్నాను. ఈ మాటకు మన ఊళ్ళలో రెండు అర్థాలున్నాయని నాకు తెలియనిది కాదు. అయినా ఒక మనిషి ప్రాణం ఆ రెండు అర్థాల మధ్య జారిపోగలదని ఆ పత్రం చూసేదాకా నాకు తట్టలేదు.

ఆ ఒక్క మాట తర్వాతి రోజులన్నిటినీ నడిపించింది. మొదటి వారం అతను రాత్రిళ్ళు తనలో తాను మాట్లాడుకున్నాడు, పైకప్పు వైపు చూసి అరిచాడు. తాగుడు మానిన మనిషి రెండో రోజు నుంచి నాలుగో రోజు దాకా వణకడం, లేనివి కనబడటం, కలవరించడం జైలు సిబ్బందికి బాగా తెలుసు. రిమాండ్ మీద వచ్చేవారిలో అది తరచూ చూస్తారు. పత్రంలో మద్యం అని ఉండనే ఉంది. "తాగుడు మానినందువల్లే, సర్దుకుంటాడు" అనుకున్నారు. పదిహేనో రోజుకు అరుపులు ఆగాయి. సర్దుకున్నాడనే అనుకున్నారు. వార్డరు డ్యూటీ పుస్తకంలో "ఇప్పుడు ప్రశాంతంగా ఉన్నాడు" అని ఉంది. ఆ ప్రశాంతమే కాటటోనియా మొదలు.

పదిహేను రోజులకోసారి రిమాండ్ పొడిగింపుకు వీడియోలో నిలబెట్టారు. చిన్న తెర మీద పది పన్నెండు మంది వరసలో, మాట్లాడకుండా నిలబడిన మనిషిలో జబ్బు కనబడాలని మేజిస్ట్రేటు నుంచి ఆశించలేం.

జైల్లో గొడవ చేసేవాడు త్వరగా డాక్టరు దాకా వస్తాడు, ఎందుకంటే అతని వల్ల మిగతావారికి నిద్ర ఉండదు. ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా లోపల్లోపల కూలిపోయే మనిషిని చీటీలోకి ఎక్కించే పని ఎవరిదీ కాదు. నా దగ్గరకు వచ్చే చీటీ అంతా గొడవ చేసేవారితో నిండి ఉందని అప్పుడు అర్థమైంది. ఆ రాత్రి లెక్క వేసుకున్నాను. 24 దేశాల్లో 33 వేలకు పైగా ఖైదీల సమాచారాన్ని కలిపి 2012లో వెలువడిన విశ్లేషణలో, సైకోసిస్ (భ్రమలు, లేనివి వినబడటం ఉండే తీవ్ర మానసిక జబ్బు) ఉన్నవారు పురుష ఖైదీల్లో 3.6 శాతం, మహిళా ఖైదీల్లో 3.9 శాతం. మన దేశంలో 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, సర్వే నాటికి తీవ్ర మానసిక జబ్బుతో ఉన్న పెద్దవారు 0.8 శాతం. అంటే జైలు గోడల లోపల బయటి కన్నా ఎన్నో రెట్లు. ఆ లెక్కన మూడు వందల మంది ఉన్న జైల్లో పది మంది దాకా ఉండాలి. నా చికిత్సలో ఉన్నది ముగ్గురు. మిగతావారు ఎక్కడున్నారు?

తర్వాతి గురువారం నుంచి చీటీ పక్కన పెట్టి ముందు బ్యారక్‌లు తిరుగుతున్నాను. సిబ్బందిని కాదు, ఖైదీలను అడుగుతాను. ఎవరు సరిగా తినడం లేదు? ఎవరు మాట మానేశారు? ఎవరు రాత్రి పడుకోవడం లేదు? పక్క చాప మీద పడుకునేవాడికి తెలియనిది ఉండదు. మొదటి రెండు వారాల్లోనే నలుగురు కొత్తవారు దొరికారు. వారిలో ఒకరికి రెండేళ్ళుగా జబ్బుంది, రోజంతా తోటలో నీళ్ళు పోస్తూ ఉంటాడు, మంచి ఖైదీ అని అందరి మెప్పూ పొందినవాడు.

చేరిక పత్రంలో అడిగే మాటలు కూడా మార్చాం. మానసిక జబ్బుందా అని అడిగితే మన ఊళ్ళలో ఎవరూ ఉందనరు, వారికి అది మానసిక జబ్బని కూడా తెలియదు. "నరాల డాక్టరు దగ్గర బిళ్ళలు వాడుతున్నారా? నెలకొకసారి సూది వేయించుకుంటారా? ఆ చీటీ ఇంట్లో ఎవరి దగ్గరుంది? వారి ఫోను నంబరు ఏది?" అని ఇప్పుడు అడుగుతున్నారు. తాగుడు సంగతి వేరే ప్రశ్నగా, సారా, బ్రాందీ, కల్లు అని పేర్లు పెట్టి అడుగుతున్నారు. "మందు" అనే మాట ఆ పత్రంలో ఎక్కడా లేదు.

జైల్లో వైద్యం

ఇరవై రెండు రోజులు ఆసుపత్రిలో ఉండి తిరిగి జైలుకు వెళ్ళాడు. ఒకప్పుడైతే ఇలాంటి ఖైదీని విశాఖపట్నం మానసిక ఆసుపత్రికి పంపడమే మార్గం. ఒంగోలు నుంచే అది దాదాపు 500 కిలోమీటర్లు. తల్లి చేతికర్రతో అక్కడికి వెళ్ళగలిగేది కాదు. కొన్నిసార్లు అంత దూరం పంపక తప్పదు, ఇక్కడ మాత్రం దగ్గర ఉంచడమే సగం వైద్యం అని నా నమ్మకం.

మందుల విషయంలో రెండు మాటలే రాస్తాను. ఒకటి, ఈ మందుల వల్ల వచ్చే వణుకు, బిగుతు తగ్గడానికి ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ బిళ్ళకు, మత్తు కోసం, జైల్లో గిరాకీ ఉంది. రోగి చేతిలో పెడితే అది వేరే జేబులోకి పోతుంది, ఇవ్వనందుకు రోగి దెబ్బలు తింటాడు. ఆ బిళ్ళ అవసరం లేని మందునే ఎంచుకున్నాం. రాత్రి మందును లాకప్ వేళ వార్డరు ఎదుట నీళ్ళతో మింగించే ఏర్పాటు చేశాం.

రెండోది ఎండ. ఇది మన జిల్లాల్లో పనిచేసే ప్రతి వైద్యుడూ గుర్తుపెట్టుకోవలసిన విషయం. ఈ జబ్బుకు వాడే మందుల్లో చాలావాటి వల్ల ఒంటికి చెమట పట్టడం, వేడిని వదులుకోవడం తగ్గుతాయి. జబ్బు వల్ల దాహం పట్టించుకోవడమూ తగ్గుతుంది. మే నెలలో, రోహిణి కార్తెలో, పైకప్పు కింద వంద మంది పడుకునే గదిలో ఇలాంటి మనిషి వడదెబ్బకు ముందుగా పడిపోతాడు. అతణ్ణి పై అంతస్తు నుంచి కింది బ్యారక్‌కు మార్పించాం. సాయంత్రం లాకప్ వేశాక తెల్లవారేదాకా అందుబాటులో ఉండేలా ఒక కుండ నీళ్ళు లోపల పెట్టించాం. మజ్జిగ పెట్టిన పెద్దాయనను అదే బ్యారక్‌లో ఉంచమని సూపరింటెండెంటుగారిని అడిగాను. ఒప్పుకున్నారు. మే రెండో వారంలో పాత సూదినే, తక్కువ మోతాదుతో, మళ్ళీ మొదలుపెట్టాం.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 103వ సెక్షన్ ప్రకారం, జైల్లో మానసిక రోగులెవరూ లేరని జైలు వైద్యాధికారి మూడు నెలలకోసారి మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకు ధ్రువపత్రం పంపాలి. జబ్బున్నవారిని జైల్లో వదిలేయకుండా చికిత్స ఉన్నచోటికి పంపాలన్నది ఆ నియమం ఉద్దేశం. ఆ ఉద్దేశాన్ని నేను గౌరవిస్తాను. అయితే లేరని రాయడానికి ఉన్న సులువు, ఉన్నారని రాయడానికి లేదు. లేరని రాసే ముందు బ్యారక్‌లు తిరిగి ఆ మూడు ప్రశ్నలు అడగమని నా తోటి వైద్యులను చేతులు జోడించి కోరుతున్నాను.

కోర్టు అడిగిన ప్రశ్న

ఏప్రిల్ నెలలో ఛార్జిషీటు దాఖలైంది. న్యాయ సేవాధికార సంస్థ ఇచ్చిన వకీలు చిన్నమ్మాయి, చురుకైనది. మొదటిసారి నా దగ్గరకు వచ్చినప్పుడు "మతిస్థిమితం లేదని రాసివ్వండి సార్, కేసు పోతుంది" అన్నది. ఒక గంట కూర్చుని మాట్లాడుకున్నాం. ఈ ఒక్క విషయంలో వకీళ్ళూ వైద్యులూ ఎంతమంది తడబడతారో చూశాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

కోర్టుకు మూడు వేరు వేరు ప్రశ్నలుంటాయి. మీటరు పగలగొట్టిన తెల్లవారుజామున తాను చేస్తున్నదేమిటో, అది తప్పని అతనికి తెలుసా అన్నది ఒకటి. పాత శిక్షాస్మృతిలో 84, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 22వ సెక్షన్ దాని గురించి. ఈ రోజు అతనికి విచారణ అర్థమవుతుందా, తన వకీలుకు తన మాట చెప్పుకోగలడా అన్నది ఇంకొకటి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 367వ సెక్షన్ నుంచి దాని గురించి ఉంటుంది. ఇక, అతనికి వైద్యం అవసరమా అన్నది మూడోది. వైద్యుడు "మతిస్థిమితం లేదు" అని ఒక్క ముక్క రాసిస్తే మూడింటికీ అదే జవాబుగా చెలామణి అవుతుంది.

దాని ఫలితం ఏమవుతుందో మన దేశ చరిత్రలో ఉంది. అస్సాంలో మచాంగ్ లాలుంగ్ అనే మనిషి 1951లో అరెస్టయ్యాడు. మతి సరిగా లేదని విచారణ ఆగిపోయింది. కుదుటపడ్డాడని వైద్యులు చెప్పాక కూడా ఎవరూ పట్టించుకోలేదు. 54 ఏళ్ళ తర్వాత 2005లో బయటకు వచ్చాడు. హజారీబాగ్ జైల్లో అలాగే ఏళ్ళ తరబడి మగ్గినవారి గురించి సుప్రీంకోర్టు 1982లో వీణా సేథీ కేసులో మాట్లాడవలసి వచ్చింది. విచారణకు పనికిరాడని రాయడం దయ చూపినట్టు కనిపిస్తుంది. చూసుకునేవారు లేకపోతే అదే అంతులేని శిక్ష.

నేను రాసిందేమిటంటే: ప్రస్తుతం విచారణ అర్థం చేసుకోగలడు, వకీలుతో మాట్లాడగలడు, నెలకొక ఇంజెక్షన్ తప్పకుండా అందాలి. ఘటన నాటి స్థితి గురించి తీర్పు చెప్పడం నా పని కాదు కాబట్టి, తప్పిన సూదుల తేదీలు, కార్డు నకలు, తల్లి చెప్పిన లక్షణాలు, నేను స్వయంగా చూసినవి వరసగా పెట్టాను. మిగతాది కోర్టు చూసుకుంటుంది. విచారణకు పనికిరాని స్థితిలో ఉన్నవారికి కూడా ఒక దారి ఉందని ఆ అమ్మాయి తర్వాత నాకే చూపించింది. ఆసుపత్రిలో ఉంచవలసిన అవసరం లేకపోతే, క్రమం తప్పకుండా వైద్యం చేయిస్తామని బంధువో స్నేహితుడో హామీ ఇస్తే, బెయిలుకు వీల్లేని కేసులో కూడా విడుదల చేయడానికి 369వ సెక్షన్ వీలు కల్పిస్తుంది. ఇది తెలిసిన వైద్యులు తక్కువ.

మే మొదటి వారంలో మామూలు పద్ధతిలోనే బెయిలు వచ్చింది. ఇద్దరు జామీనుదారులు కావాలి. ఇంటి పన్ను రసీదు ఉన్నవారెవరూ ఈ కుటుంబం కోసం ముందుకు రాలేదు. బెయిలు వచ్చాక కూడా పంతొమ్మిది రోజులు లోపలే ఉన్నాడు. బెయిలు వచ్చి ఏడు రోజుల్లో విడుదల కానివారి సంగతి జైలు సూపరింటెండెంటు న్యాయ సేవాధికార సంస్థకు తెలియజేయాలని సుప్రీంకోర్టు 2023 జనవరి 31న ఆదేశించింది. ఆ ఆదేశం పట్టుకుని వకీలు మళ్ళీ అర్జీ పెడితే షరతు సడలించారు. సొంత పూచీకత్తు, ఒకే జామీను. తల్లి అక్క కొడుకు సంతకం చేశాడు.

విడుదల

జైలు నుంచి మనిషి బయటకు వచ్చేది సాయంత్రం. కోర్టు ఉత్తర్వు చేరేసరికి పొద్దు వాలుతుంది, రిజిస్టరు చూసి గేటు దాటేసరికి చీకటి పడుతుంది. అప్పటికి ఫార్మసీకి తాళం వేసి ఉంటుంది. నెలల తరబడి లోపల కుదుటపడ్డ మనిషి ఒక్క బిళ్ళ లేకుండా బస్సెక్కుతాడు. ఇలా వెళ్ళినవారిలో కొందరిని రెండు మూడు నెలల్లో అదే జైల్లో మళ్ళీ చూశాను.

ఫార్మసిస్టు ఒక ఉపాయం చెప్పాడు. ఖైదీ లోపలికి వచ్చేటప్పుడు అతని చొక్కా, చెప్పులు, పర్సు, ఫోను ఒక సంచిలో కట్టి గేటు దగ్గర దాస్తారు. విడుదల వేళ ఎంతయినా ఆ సంచి చేతికిచ్చి సంతకం తీసుకోకుండా పంపరు. మందులూ ఆ సంచిలోనే పెట్టేద్దాం అన్నాడు. బెయిలు అర్జీ పడిన రోజే పదిహేను రోజుల బిళ్ళలు, ఏ జబ్బో ఏ మందో రాసిన ఉత్తరం, తర్వాతి సూది తేదీ, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 రాసిన కాగితం ఒక కవరులో పెట్టి ఆ సంచికి కుట్టేశాం. గడువు తీరిన బిళ్ళలుంటే ఫార్మసిస్టు నెలకోసారి చూసి మారుస్తాడు. ఇప్పుడు చికిత్సలో ఉన్న ప్రతి ఖైదీ సంచికీ ఒక కవరు ఉంది.

ఇతను విడుదలైంది రాత్రి ఏడున్నరకు. సంచి అందింది.

ఆ తర్వాత పాత ఊరికి వెళ్ళలేదు. పక్కింటివారు ఇంకా భయపడుతున్నారని తల్లే నిర్ణయించి, తన అక్క ఊరికి తీసుకువెళ్ళింది. బ్యారన్ పనికి పంపడం లేదు. పగటి పూట గేదెలను చూసుకుంటున్నాడు. నిద్ర రాత్రి ఎనిమిది గంటలు. మొన్నటిదాకా ఒక్క సూది తప్పలేదు. మజ్జిగ పెట్టిన పెద్దాయన ఎలా ఉన్నారని వచ్చిన ప్రతిసారీ అడుగుతాడు. బాగున్నారని చెబుతాను, నేను వెళ్ళిన గురువారం అక్కడ ఇతని క్షేమం కూడా చెబుతాను.

కేసు ఇంకా నడుస్తోంది. పోయిన వారం కార్డు నా బల్ల మీద పెట్టి, మెల్లగా, "సార్, ఈ నెల మొదటి సోమవారమే వాయిదా పడింది" అన్నాడు. సూది ఆ ముందు శనివారమే వేసి, తేదీ ఎదుట సంతకం చేసి పంపాను.